యంత్ర పనివాడు మా ఆటను మింగేస్తున్నాడు, డిజైన్ ఎలా మార్చాలి?

శేషాద్రి_డైస్
మేం ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఆడేవాళ్లు ఐదుగురు, నేను డీఎం, అంటే కథ నడిపేవాణ్ని. ఆదివారం రాత్రి తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన మా అక్కావాళ్ల మిద్దె మీద ఆడతాం. కథ నేను అల్లుకున్నదే. చంద్రగిరి కోట లాంటి ఒక కోట, వెనక కొండ, కొండ కింద సొరంగాలు. వాళ్లు మూడో లెవెల్‌లో ఉండగా ఒక మాంత్రికుడి సమాధిలో చేతులు విరిగిన కొయ్య మనిషిని పెట్టాను. ఊరికే అలంకారానికి పెట్టాను సామీ! మావాళ్లు రెండు సెషన్లు కష్టపడి దాన్ని బాగుచేసి నడిపించారు.

అప్పట్నుంచి ప్రతి తలుపూ అదే తోస్తుంది. ప్రతి గుంతలో ముందు కాలు అదే పెడుతుంది. దానికి నిద్ర లేదు కాబట్టి రాత్రంతా కాపలా. విషం ఎక్కదు కాబట్టి రాజుగారి విందులో వంటలన్నీ ముందు దాని నోట్లోనే. దానికి నోరు లేదు అని నేను అంటే, "మూత తీసి పోస్తాం" అన్నారు. పోయిన వారం మూడు రాత్రులు కూర్చుని గీసుకున్న ఉచ్చుల గదిని పన్నెండు నిమిషాల్లో దాటేశారు. ఒకడైతే ఆ పన్నెండు నిమిషాలూ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు.

దాన్ని చంపేద్దామంటే కుదరదు. మా అక్క కూతురు, పదకొండేళ్లది, దానికి బొంగరం అని పేరు పెట్టింది. మలుపు తిరిగేటప్పుడు ఒంటికాలి మీద గిర్రున తిరుగుతుందని వర్ణించింది నేనే, నా ఖర్మ. చంపితే ఆ ఇంట్లో నాకు అన్నం పుట్టదు.

ఉపయోగపడాలి, ఆట చెడగొట్టకూడదు. ఎట్లా?

ఇరవై_పడింది
దాని స్టాట్స్, అదే బలం, ప్రాణం లాంటి అంకెలు, ఎక్కణ్నుంచి తెచ్చావు?

శేషాద్రి_డైస్
షీల్డ్ గార్డియన్ అనే కాపలా యంత్రానిది తీసుకుని ప్రాణం సగం చేశా.

ఇరవై_పడింది
అదీ సంగతి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో షీల్డ్ గార్డియన్ అంటే ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 7. ఆర్మర్ 17, హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 142. సగం చేసినా 71. మూడో లెవెల్ యోధుడికి ముప్పై ఉంటే గొప్ప. పైగా ప్రాణం ఉన్నంతసేపూ దానికి వంతు వంతుకీ 10 పాయింట్లు తిరిగొస్తాయి. అది తీసేశావా?

శేషాద్రి_డైస్
...లేదు.

తోతాపురి
😂😂 ఉచ్చుని చూసి అది ఏడవాల్సింది పోయి ఉచ్చే దాన్ని చూసి ఏడుస్తా ఉంటుంది

ఇరవై_పడింది
నవ్వులు పక్కన పెడితే, పనివాడికి కొలత ఆటలోనే ఉంది. అన్‌సీన్ సర్వెంట్ మంత్రం చూడు. మొదటి లెవెల్ మంత్రం. గంటసేపు ఉంటుంది, బలం 2, హిట్ పాయింట్ ఒక్కటంటే ఒక్కటి, అరవై అడుగులు దాటితే మాయం, ఎవరినీ కొట్టలేదు. బట్టలు మడుస్తుంది, దీపం వెలిగిస్తుంది, వడ్డిస్తుంది. పనివాడు అంటే అది. నువ్వు తెచ్చి పెట్టింది అంగరక్షకుణ్ని.

ఇంకో సంగతి. బొంగరం కొట్లాడుతుందా? ఐదుగురు కొట్టే చోట ఆరో దెబ్బ పడితే ఒక్కసారిగా ఐదోవంతు బలం పెరిగినట్టు. దెబ్బ ఎంత గట్టిది అన్నది తర్వాత, గుంపుకి ఎన్ని వంతులు వస్తున్నాయన్నదే ముందు చూడాలి. ఆర్టిఫిసర్ అనే యంత్రాలు చేసే పాత్రకి ఉండే స్టీల్ డిఫెండర్‌లో దీనికి మంచి కట్టడి పెట్టారు. యజమాని తన బోనస్ యాక్షన్ (వంతులో దొరికే అదనపు చిన్న పని) ఖర్చుపెట్టి చెబితేనే కొడుతుంది. చెప్పకపోతే దెబ్బలు తప్పించుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యదు. అంటే ఆజ్ఞకి ధర ఉంది. నీ దగ్గర ధర లేదు, అందుకే వాళ్లకి పండగ.

కొండకింద_కుర్రోడు
అన్నా, ఒక డౌట్. మావాడు అన్‌సీన్ సర్వెంట్‌తో కూడా ఉచ్చులన్నీ తొక్కిస్తాడు. దానికీ దీనికీ తేడా ఏముంది?

ఇరవై_పడింది
ఒక్క ఉచ్చుతో పోతుంది. మళ్లీ కావాలంటే రోజుకి ఇన్నే అని లెక్క ఉన్న మంత్రం స్లాట్లలో ఇంకోటి ఖర్చు, లేకపోతే స్లాటు ఖర్చు లేకుండా పది నిమిషాలు కూర్చుని రిచువల్. ఆ పది నిమిషాల్లో సొరంగంలో ఏం తిరుగుతుందో నీ ఇష్టం.

పాత_ఫిట్టర్
మీ ఆట నాకు తెలియదు, మా మనవడు ఆడతాడు. వాడు ఈ చర్చ చూపిస్తే చదివాను. ఒక మాట చెప్పొచ్చా?

ముప్పై ఏళ్లు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాను. తోతాపురి సీజన్లో ట్రాక్టర్లు గేటు బయట రోజుల తరబడి నిలబడతాయి. లోపల పల్పర్ ఆగకూడదు. జల్లెడ లోపల తెడ్లు తిరుగుతాయి, గుజ్జు కిందికి, టెంకా తొక్కా ఒకవైపుకి. ఆ తెడ్ల షాఫ్టు బేరింగు పోతుందని రెండు రోజుల ముందే తెలుస్తుంది. పొడుగు స్క్రూడ్రైవర్ మొన బేరింగు ఇంటి మీద పెట్టి, పిడి చెవికి ఆనించాలి. బాగున్నదైతే తుమ్మెద మాదిరి ఒకటే రొద. పోయేదైతే ఇసుక నమిలినట్టు కరకర. ఒక ఏడాది నేను వినిపించి మరీ చెప్పాను, "సీజన్ అయ్యేదాకా లాగించు" అన్నారు. మూడో రోజు రాత్రి పట్టేసింది. తొమ్మిది గంటలు లైన్ ఆగింది. బయట ట్రాక్టర్లలో పండు మెత్తబడి రసం రోడ్డు మీదికి కారింది. తిట్లు మాత్రం నాకే.

మీ యంత్రం తినదు, నిద్రపోదు అంటున్నారు. నేను అలాంటి యంత్రాన్ని చూడలేదు నాయనా. నూనె తింటుంది, లేదా మనిషి టైము తింటుంది. మీదాంట్లో అది ఎక్కడా కనబడలేదు. కొయ్య కీళ్లకి కందెన ఎవరు పెడుతున్నారు?

తోతాపురి
పెద్దాయనా మీరు రోజూ రావాలి ఇక్కడికి

పీలేరు_పిల్ల
కందెన అంటే?

పాత_ఫిట్టర్
ఎద్దుల బండి ఇరుసుకి పెట్టేది అమ్మా. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలుపుతారు. మా నాయన బండి కింద వెదురు గొట్టంలో వేలాడుతూ ఉండేది. అది పెట్టకపోతే బండి అరుపు ఊరి అవతలికి వినబడేది.

శేషాద్రి_డైస్
ఇది నాకు తట్టనే లేదు. కందెన పెట్టకపోతే కీచుమంటుంది, సొరంగంలో శత్రువులకి వినబడుతుంది! శిక్ష వెయ్యకుండానే ధర వచ్చేసింది. ఇంకా చెప్పండి.

పాత_ఫిట్టర్
కొయ్య అన్నారు కదా. తడిస్తే ఉబ్బుతుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మా కూతురింట్లోకి నీళ్లొచ్చాయి. నెల రోజులు తలుపులు మూసుకోలేదు, మూసుకున్నవి తెరుచుకోలేదు. మీ బొంగరాన్ని వానలో నిలబెట్టి చూడండి.

తాళపత్రం
ఫిట్టర్ గారి మాటకి పాత సాక్ష్యం కూడా ఉంది. 11వ శతాబ్దంలో భోజరాజు పేరు మీద ఉన్న సమరాంగణ సూత్రధారం అనే వాస్తు గ్రంథంలో 31వ అధ్యాయం మొత్తం యంత్రాల మీదే. కొయ్య ఏనుగు, పాడే పక్షులు, తలుపు దగ్గర ఆయుధం పట్టుకుని నిలబడి దొంగల్ని ఆపే కొయ్య కాపలాదారు, అన్నీ ఉన్నాయి. మన శేషాద్రికి తెలియకుండానే ఆ కాపలాదారునే తెచ్చి పెట్టాడు.

నాకు అందులో బాగా నచ్చింది ఇంకోటి. వీటిని ఎలా కట్టాలో పూర్తిగా చెప్పడం లేదు, అది తెలియక కాదు, గుట్టు కాపాడటానికి అని గ్రంథమే చెప్పుకుంటుంది. డీఎంకి ఇంతకన్నా ఏం కావాలి? బొంగరాన్ని వాళ్లు బాగుచేశారు సరే, లోపల ఏముందో పూర్తిగా తెలియకూడదు. ఒక పేటిక తెరుచుకోకుండా ఉంచు.

ఇరవై_పడింది
కథకి బాగుంది గానీ, సమస్య లెక్కలది. గుట్టు పెడితే 71 హిట్ పాయింట్లు తగ్గవు.

తాళపత్రం
తగ్గవు. కానీ దాన్ని ముందుకు తోసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. పాళీలో లోకపఞ్ఞత్తి అనే గ్రంథంలో ఒక కథ ఉంది. రోమ దేశంలో భూతవాహన యంత్రాలు చేసేవాళ్లు. ఆ విద్య తెలిసినవాడు దేశం దాటితే యంత్రమే వెంటాడి చంపుతుంది. పాటలీపుత్రానికి ఆ విద్య తేవాలని ఒకడు తొడ కోసుకుని, నమూనా లోపల పెట్టి కుట్టుకున్నాడు. దేశం దాటితే చస్తానని తెలిసే, శవాన్ని స్వదేశానికి చేర్చమని కొడుక్కి ముందే చెప్పి బయల్దేరాడు. అలా వచ్చిన యంత్రాలే అజాతశత్రువు కాలంలో బుద్ధుడి ధాతువులకు (అస్థికలకు) కాపలా అని కథ.

బొంగరాన్ని చేసిన దేశం వాళ్లు దాన్ని వెనక్కి తీసుకుపోవడానికి ఇంకో బొంగరాన్ని పంపితే?

కొండకింద_కుర్రోడు
తొడలో కుట్టుకోవడం అరాచకం. ఇది నేను కొట్టేస్తున్నా, ఎవరూ ఏమనుకోకండి.

మాతంగి
అందరూ ధర, కందెన అంటున్నారు. నాకు ఇంకో ఇబ్బంది ఉంది. పదకొండేళ్ల పిల్ల పేరు పెట్టి మాట్లాడే దాన్ని మిగతావాళ్లు గుంతల్లోకి తోస్తున్నారు. అది మాట వింటుందా? నొప్పి ఉందా? శేషాద్రి ముందు ఇది తేల్చాలి. రోబో అనే మాటే 1920లో ఒక చెక్ నాటకం నుంచి వచ్చింది. దాని మూలం రొబొటా, అంటే వెట్టిచాకిరి. మన జిల్లాలో వెట్టి అన్న మాట విన్న ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల ముందు ఇది జోకు కాదు.

ఇరవై_పడింది
అక్కా, ఇది కొయ్య. బుద్ధి 3 అని రాసి పడేస్తే అయిపోయె. ప్రతి టేబుల్ మీదా తత్వశాస్త్రం ఎందుకు?

మాతంగి
కుక్కక్కూడా బుద్ధి 3 అనే రాశారు ఆ పుస్తకంలో. మీ గుంపులో కుక్కని ఉచ్చు మీదికి తోస్తే ఊరుకుంటారా?

ఇరవై_పడింది
...ఊరుకోరు. మావాడొకడు కుక్క కోసం డ్రాగన్‌తో కొట్లాడి చచ్చాడు.

తోతాపురి
పాయింట్ మాతంగక్కకి

పీలేరు_పిల్ల
మా ఆటలో ఇలాంటిదే ఒక ఇత్తడి వంటమనిషి ఉండేది. మా డీఎం దానికి బుద్ధి ఎంత అని చెప్పలేదు. దానికి ఒకటే ఇష్టం పెట్టాడు, రాగి సంగటి ముద్ద గుండ్రంగా రావాలి. రాకపోతే మళ్లీ కలుపుతుంది. ఒకసారి గుహలో పిశాచాలు వెంటపడుతుంటే అది పొయ్యి దగ్గర నించి కదలదు, ముద్దకి ఒక పక్క సొట్ట పడిందట! తెడ్డు పట్టుకుని అట్లే కూర్చుంది. మేం నలుగురం దాన్ని పొయ్యితో సహా ఎత్తుకుని పరిగెత్తాం. ఆరు నెలలైంది, ఆ ఆటలో నాకు గుర్తున్న సీను అదొక్కటే.

ఒక ఇష్టం పెట్టండి. దాన్ని వాడుకోవడం మీద వాళ్లకే మనసు రాదు.

కొండకింద_కుర్రోడు
మా దాంట్లో రివర్స్. మట్టి బొమ్మ కాపలాదారు. "ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దు" అని ఆజ్ఞ ఇచ్చి నిధికి పోయాం. తిరిగొస్తే తియ్యలేదు. మేం కూడా "ఎవరొచ్చినా"లో వస్తాం కదా. సెషన్ మొత్తం మా ఇంటి బయటే.

తోతాపురి
ఆన్‌లైన్‌లో ఓటీపీ రాక బయట నిలబడ్డట్టు

మాతంగి
కుర్రోడు చెప్పింది చాలా పెద్ద పాయింట్. యంత్రం యజమానిని ఎలా గుర్తుపడుతుంది? షీల్డ్ గార్డియన్‌కి తాయెత్తు ఉంటుంది, ఎవరి దగ్గర ఉంటే వాళ్లే దొర. శేషాద్రీ, నీ బొంగరానికి ఏముంది?

శేషాద్రి_డైస్
ఏమీ లేదు. బాగుచేసినవాళ్ల మాట వింటుంది అనుకున్నాం.

మాతంగి
తిరుపతిలో ఉండి గంగమ్మ జాతర గుర్తురాలేదా? గంగమ్మ వస్తుందని భయపడి పాలెగాడు దాక్కున్నాడు. రోజుకో వేషం వేసి వెతికినా బయటికి రాలేదు. చివరికి దొర వేషంలో వచ్చేసరికి, దొర వచ్చాడనుకుని వాడే బయటికొచ్చి దొరికిపోయాడు. వాడు గుర్తుపట్టింది వేషాన్ని. నీ బొంగరం కూడా వేషాన్నే గుర్తుపడితే? మీ యోధుడి చొక్కా వేసుకుని శత్రువు వచ్చి "తలుపు తియ్" అంటే చాలు.

శేషాద్రి_డైస్
అక్కా నమస్కారం. వళ్లు జలదరించింది. చిన్నప్పుడు బైరాగి వేషం కట్టినవాణ్ని, నాకే తట్టలేదు.

ఇరవై_పడింది
ఇది నేనూ ఒప్పుకుంటున్నా. కాకపోతే ముందు వాళ్లకి సూచన ఇవ్వాలి, లేకపోతే మోసం చేశావంటారు. ఒక సెషన్‌లో ఎవరో టోపీ మార్చుకుంటే బొంగరం వాడి మాట వినకుండా నిలబడాలి. అప్పుడు తెలివైనవాడు పట్టుకుంటాడు.

తాళపత్రం
చప్పుడుతో గుర్తుపడితే ఇంకా బాగుంటుంది. మేనకోడలి కాలి పట్టీల చప్పుడు.

మాతంగి
వేషమే మేలు. చప్పుడు ఆ పిల్లకి మాత్రమే పని చేస్తుంది, మిగతా నలుగురూ ఖాళీ.

కొండకింద_కుర్రోడు
పక్కదారి: డైస్ ఆటలకి తిరుపతి కంటే మంచి ఊరు లేదు. హథీరాం బావాజీతో సాక్షాత్తూ స్వామే పాచికలాడాడు. ఆధారం చూపించమంటే రాత్రికి రాత్రి గది నిండా చెరకు తినమన్నారు, ఏనుగు వచ్చి తినిపోయింది. సహాయకుడంటే అట్లుండాలి. పిలవకుండా వచ్చి, పని చేసి, తెల్లారేసరికి వెళ్లిపోవాలి.

ఇరవై_పడింది
ఆ ఏనుగుకి ఛాలెంజ్ రేటింగ్ ఎంత 😄

శేషాద్రి_డైస్
రాత్రి రెండు దాకా కూర్చుని రాశాను. చూడండి. ఆర్మర్ 13, హిట్ పాయింట్లు 18, తిరిగి రావడం లేదు. బలం 14, అంటే 210 పౌండ్లు మోస్తుంది, బంగారం మొత్తం ఇక ఒక్కసారి రాదు. వీపులో తాళంచెవి. పది నిమిషాలు తిప్పితే గంట నడుస్తుంది, ఆ గంటలో మూడు ఆజ్ఞలే తీసుకుంటుంది. కొట్లాటలో ఆజ్ఞ ఇచ్చేవాడికి బోనస్ యాక్షన్ ఖర్చు. రోజుకోసారి కందెన పెట్టకపోతే కీచు. తడిస్తే ఒంటి చురుకుతో చేసే ప్రతి పనికీ రెండు పాచికలు వేసి తక్కువ పడింది తీసుకోవాలి. దొరని బట్టలతో గుర్తుపడుతుంది (వాళ్లకి చెప్పను). ఛాతీలో తెరుచుకోని పేటిక.

ఒక ఇష్టం: దీపం ఆరిపోతే ఏ పని చేస్తున్నా ఆపి ముందు దీపం వెలిగిస్తుంది.

ఇరవై_పడింది
తడి రూలు ఎంత గట్టిదో తెలుసా? ఇరవై ముఖాల పాచిక మీద మొత్తం 12 రావాల్సిన చోట దానికి 2 కలుస్తుందనుకో. మామూలుగా 10 గానీ ఆపైన గానీ పడితే చాలు, 55 శాతం. రెండు వేసి తక్కువది తీసుకుంటే 30 శాతం. వానాకాలంలో సగం పనివాడే. సరిపోతుంది, మార్చకు.

దీపం బాగుంది. పొరపాటున చీకట్లో దాక్కుంటే చచ్చారే.

పీలేరు_పిల్ల
దీపం ❤️

మాతంగి
పాత ప్రాణం 71 నుంచి 18కి ఎలా దించుతావు? పిల్ల అడుగుతుంది.

శేషాద్రి_డైస్
అదే టెన్షన్. "ఇన్నాళ్లూ అరిగిపోయింది" అని చెబుదామనుకుంటున్నా.

పాత_ఫిట్టర్
అదే నిజం కూడా. చెవి పెట్టి వినమను. కరకర వినిపించు.

శేషాద్రి_డైస్
నిన్న ఆడాం. రిపోర్టు.

మొదట్లోనే పాప చేత బొంగరం ఛాతీకి చెవి ఆనించమన్నాను. టేబుల్ కింద ఇసుక కాగితం రెండు ముక్కలు రుద్దాను. మిద్దె మీద ఒక్కరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముందుకు తోయలేదు, నేను రూలు చెప్పకముందే! ఉచ్చుల గదికి గంటన్నర పట్టింది. క్రికెట్ చూసేవాడికి తాళంచెవి తిప్పే పని పడింది, పది నిమిషాలూ నిజంగానే చేత్తో తిప్పుతున్నట్టు నటించాడు, ఫోన్ తియ్యలేదు.

సొరంగంలో నీళ్లు కారుతున్నాయి. దానికి గొడుగు కావాలని వెనక్కి ఊళ్లోకి పోయారు. మైనం గుడ్డకి పన్నెండు వెండి నాణేలు ఖర్చు, బేరం ఇరవై నిమిషాలు.

మాతంగక్కా, యోధుడి తలపాగా పోయిన సెషన్‌లో నదిలో కొట్టుకుపోయింది కదా, బొంగరం వాడి మాట వినలేదు. ఎవరూ పట్టుకోలేదు. "కందెన తక్కువైంది" అనుకున్నారు. ఆ తలపాగా ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకు మాత్రమే తెలుసు.

మాతంగి
😈 జాతర వచ్చేలోపు అది బయటికి రావాలి.

ఇరవై_పడింది
పేటిక అడిగారా?

శేషాద్రి_డైస్
పాప అడిగింది. తెరవద్దు, దానికి సిగ్గు అంది.

పాత_ఫిట్టర్
కందెన దేంతో చేశారో చెప్పలేదు.

శేషాద్రి_డైస్
ఆముదం, గడ్డి మసి. మీరు చెప్పినట్టే. వెదురు గొట్టం పాప నడుముకి కట్టుకుంది, ఆటలో.

పాత_ఫిట్టర్
గొట్టానికి మూత గట్టిగా ఉండాలి. బట్టలకంటితే మరక పోదు, వాళ్లమ్మ నన్ను తిడుతుంది.